దాచిపెట్టిన ఖాళీ ప్యాకెట్లు

ఐదారేళ్ల కిందట అయిజ నుంచి గద్వాల వచ్చే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో కవరు విప్పి, పత్తి విత్తనాల ఖాళీ ప్యాకెట్లు సర్దుకుంటున్నాడు. వాటి మధ్య పార్లమెంటు ఎన్నికలప్పుడు పంచిన కరపత్రం ఒకటి కనిపించింది. దాని మీద దండం పెడుతున్నది గెలిచిన అభ్యర్థే.

"ఇదెందుకు దాచినవ్ పెద్దాయనా?" అని అడిగాను.

"ఇత్తనం మొలవకపోతే ప్యాకెట్ చూపియ్యాలె గద బిడ్డా. పారేస్తే ఏం పట్టుకొని అడుగుతం? ఇది గూడ గంతే. మా దిక్కు కాల్వనీళ్లు తెస్త అని గిండ్ల రాసిండు."

"ఎవరికి చూపిస్తవ్?"

"ఆయనకే. మల్ల ఓటుకు రాడా?"

ఆ గొంతులో కోపమేమీ లేదు. కవరు మడుచుకుని గద్వాలలో దిగిపోయాడు. ఆ అభ్యర్థికి నేనూ ఓటేశాను. కరపత్రం చదవకుండానే పారేశాను. కాల్వ తెస్తానన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మొన్నటి ఎన్నికల్లో గెలిచినాయన కరపత్రాన్ని మాత్రం పారేయలేదు. ఎక్కడ పెట్టాలో తోచక బీరువాలో టీవీ వారంటీ కార్డు పక్కన పెట్టాను. టీవీ గడువు ఎప్పుడో తీరిపోయింది. దీనికింకా మూడేళ్లుంది.