చెబితే వినని మనిషి

నా చిన్నప్పుడు నేను పెద్దయ్య అని పిలిచిన మనిషి పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి అక్క. యూసుఫ్‌గూడలో మేమున్న రోజుల్లో ఆవిడది మా పక్క వాటా. ఇళ్ళు మారి ఎన్నేళ్ళయినా, మంచీచెడూ ఏదున్నా ముందు ఆవిడే ఫోన్ చేసి చెబుతుంది. "మీ నాన్నగారి దగ్గర చెట్లెక్కేవాడు గుర్తున్నాడా? అదేనే, చెబితే వినకుండా ఎక్కి, పడి, కుంటివాడయ్యాడు చూడు. నిన్న పొద్దున పోయాడట" అంది. నేను "అయ్యో" అన్నాను.

అక్కది తప్పు కాదు. మా వీధిలో ఆయన్ని ఎవరు తలుచుకున్నా ఆ ఒక్క గుర్తుతోనే తలుచుకుంటారు. ఆ గుర్తు ఆయనకు అంటడానికి కారణం నేను. అప్పుడు నాకు పదేళ్ళు. ఇన్నాళ్ళూ దాన్ని తుడవకుండా వదిలేసిందీ నేనే.

మా నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి, మొదట జూబ్లీహిల్స్‌లో ఒక సినిమావారి బంగళాలో తోటపని చేసి, ఎనభైల మొదట్లో సొంతంగా చెట్ల పని మొదలుపెట్టారు. చెట్ల పని అంటే చెట్లు కొట్టేయడమని అందరూ అనుకునేవారు. నాన్నకు ఆ మాట నచ్చేది కాదు. ఎండిన కొమ్మ తీయడం, కరెంటు తీగల మీదికి పోయినవి తగ్గించడం, పుచ్చు పట్టిన చోట చెక్కి మందు పూయడం, ఒరిగిన మానుకు ఆసరా కట్టడం, ఇదీ ఆయన పని. బండల మధ్య అంత కష్టపడి వేళ్ళు దింపిన చెట్టును మన కారు నీడ కోసమో, గోడ అందం కోసమో కొట్టకూడదనేవారు. ఇంటివాళ్ళు మొత్తం కొట్టేయమన్నా, చెట్టుకు ఎంత అవసరమో అంతే తీసి వచ్చేవారు. దాంతో కొందరు మళ్ళీ పిలిచేవారు కాదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. బడికి పంపితే పిల్లలతో పరుగులకీ ఆటలకీ పడిపోతానని, అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. తెల్లవారి దీపం పెట్టాక పద్యాలు, ఎక్కాలు, ఒక పేజీ దస్తూరీ. అవి అప్పజెప్పేస్తే నాన్న తన ట్రాలీ ఆటోలో నన్ను పనికి తీసుకెళ్ళేవారు. వెనక రంపాలు, కత్తులు, చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకులు, వాటి మీద పెద్దయ్య. కొమ్మ కోసిన చోట పూయడానికి పేడ, ఎర్రమట్టి, పసుపు కలిపి ముద్ద చేయడం నా వంతు. దుంగలు టోలిచౌకిలో ఒక రొట్టెల భట్టీకి వెళ్ళేవి. తిరిగి వచ్చేటప్పుడు ఆ భట్టీవాళ్ళు ఇచ్చిన వేడి బన్ను నాకు.

పెద్దయ్యది నల్లగొండ వైపు పల్లె. తరతరాలుగా తాటిచెట్లెక్కే ఇల్లు. ఆయన కొమ్మ మీద నిలబడితే నేల మీద నిలబడినట్టే ఉండేది. పెద్ద కొమ్మను పైనుంచి కోసే ముందు కిందివైపు ఒక గాటు పెట్టాలనీ, లేకపోతే అది విరిగి పడుతూ మాను బెరడంతా చీల్చుకుపోతుందనీ నాకు చెప్పింది ఆయనే. షూటింగుల్లో హీరోలు చెట్ల మీంచి దూకడం చూసి నవ్వేవాడు. "ఆళ్ళకు కింద పరుపులేస్తరు బిడ్డా. మనకెవడేస్తడు పరుపు? అందుకే మనం దుంకం, దిగుతం" అనేవాడు.

నలభై దాటాక ఆయనకు దూరపువి మసకబారాయి. అద్దాలు పెట్టుకుంటే చెమటకు జారి పడేవి. అందుకని ఎక్కే ముందు కొమ్మల్లో ఏముందో చూసి చెప్పే పని నాన్న నాకు అప్పగించారు. పిట్టగూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొమ్మ జోలికి పోకూడదు. తేనెపట్టో, కందిరీగల తుట్టో ఉంటే సాయంత్రం పొగపెట్టి మర్నాడు పని. పెద్దయ్య నన్ను చెట్టు కింద నిలబెట్టి, "నీ కండ్లు జర అప్పియ్యి బిడ్డా" అనేవాడు. నేను చెట్టు చుట్టూ తిరిగి, తల ఎత్తి ఆకు ఆకూ చూసి చెప్పేదాన్ని. నేను "ఏమీ లేదు" అన్నాకే ఆయన మోకు అందుకునేవాడు. అంత పెద్ద మనిషి నా మాట కోసం ఆగడం నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతగారి కొత్త బంగళా. ముందర ముసలి నిద్రగన్నేరు. దాని కొమ్మ ఒకటి వరండా మీదికి వంగింది. మర్నాడు అక్కడ పాట తీస్తారనీ, లైట్లు నిలబెట్టడానికి ఆ కొమ్మ అడ్డమనీ కబురు పంపారు. ప్రొడక్షన్ మేనేజరు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. నన్ను చూసి, "పాపా, మధ్యాహ్నానికల్లా కొమ్మ దిగిందనుకో, రేపు నిన్ను బాల్కనీలో కూర్చోబెడతాను. డాన్సంతా చూడొచ్చు. దిగకపోతే షూటింగు వేరే ఇంటికి పోతుంది, నేనూ ఇంటికి పోతాను" అన్నాడు. అందరూ నవ్వారు. అన్ని ఏళ్ళు ఫిల్మ్‌నగర్‌లో తిరిగినా నేను ఒక్క షూటింగు కూడా లోపలి నుంచి చూడలేదు.

మేనేజరు లోపలికి వెళ్ళాక, నాన్న గేటు దగ్గర ట్రాలీలోంచి సామాను దింపుతుండగా, పెద్దయ్య ఎప్పటిలాగే అడిగాడు. నేను చెట్టు చుట్టూ తిరిగాను. కొమ్మ మానుతో కలిసే చోట, ఆకుల వెనక, బూడిదరంగు ఉండలాంటిది కనిపించింది. ఒక కందిరీగ దాని చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. పాతది అయి ఉంటుంది, ఎండిపోయి ఉంటుంది, ఒక్కటే కదా కనిపించింది అని నాకు నేనే చెప్పుకున్నాను. చెబితే పని రేపటికి పోతుంది. రేపు డాన్సు ఉండదు. ఇదంతా ఒక్క క్షణంలో నా లోపల జరిగింది. "ఏమీ లేదు పెద్దయ్యా" అన్నాను.

ఆయన ఎక్కాడు. రెండో కొమ్మ దగ్గర మోకు విప్పి పై కొమ్మకు మార్చుకుంటున్నాడు. చెయ్యి తుట్టెకు తగిలింది. ముఖం మీద కందిరీగలు కమ్ముకోవడం నాకు కింద నుంచి కనిపించింది. ఆయన అరవలేదు. రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు, అంతే. పడింది మట్టి మీదయినా బాగుండేది. బండ మీద పడ్డాడు.

తుంటి విరిగింది. ముఖమంతా వాచిపోయింది. ట్రాలీలోకి ఎక్కించబోతూ నాన్న నా వైపు తిరిగి, "చూశావా అమ్మడూ? చెప్పావా ఆయనకు?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. నేను నోరు తెరిచాను. అంతలోనే పెద్దయ్య, కళ్ళు మూసుకునే, "చెప్పింది సారూ. పోరి చెప్పింది. నేనే ఇనలే" అన్నాడు.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజు తలుచుకుంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ముందు నేనాడిన అబద్ధం కాదు, ఆ నోరు మూసుకోవడం. మొదటిది పదేళ్ళ పిల్ల ఆశ. రెండోది తెలిసి చేసిన పని.

మూడు నెలలకు ఆయన కర్ర పట్టుకుని నడిచాడు. ఇక చెట్టెక్కలేదు. నాన్న ఆయన్ని వదిలేయలేదు. రంపాలకు పదును పెట్టే పని ఇచ్చారు. కానీ కొత్తగా చేరిన ఎక్కేవాళ్ళకు ప్రతి పొద్దునా, ట్రాలీ కదలక ముందు ఒక పాఠం చెప్పేవారు. "అమ్మాయి చెబితే వినాలి. వినకపోతే ఏమవుతుందో అదుగో, అక్కడ కూర్చున్నాడు చూడండి" అని చెయ్యి చూపించేవారు. మా నాన్న చెడ్డవారు కాదు. ఇంకొకరు పడకూడదని చెప్పేవారు. పెద్దయ్య ఆకురాయి ఆపకుండానే, "అవ్, గట్లనే పడ్డ" అనేవాడు. ఒకసారి ఒక కుర్ర పనివాడు, "చెవుల దూది పెట్టుకున్నవా పెద్దయ్యా ఆ దినం?" అని ఎగతాళి చేశాడు. "దూది కాదుర, బలుపు పెట్టుకున్న" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను పసుపు కలుపుతూ తల వంచుకున్నాను. ఎన్ని పొద్దులు అలా విన్నానో లెక్కలేదు.

ఆ తర్వాత నేను ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అనుమానం ఉంటే ఇంకో చుట్టు తిరిగేదాన్ని. ఎన్నిసార్లు పని ఆగిపోయినా, ఇంటివాళ్ళు ఎంత విసుక్కున్నా ఉన్నది ఉన్నట్టే చెప్పాను. దేవుడి దయవల్ల నా మాట మీద ఎక్కిన వాళ్ళెవరూ మళ్ళీ పడలేదు.

పదహారేళ్ళప్పుడు ఒక శుక్రవారం, గుళ్ళో దద్దోజనం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నాన్నకు నిజం చెప్పేస్తానని ఆయనతో అన్నాను. ఆయన ప్రసాదం కళ్ళకద్దుకుని తినడం పూర్తి చేశాడు. తర్వాత నెమ్మదిగా, "గా ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా. మీ నాయన ఇప్పటికీ నీ మాట మీదనే మనుషులను చెట్లెక్కిస్తుండు. నీ మాట పోతే ఇంకెవలని నమ్ముతడు? నీ కండ్లు ఇప్పుడు మంచిగ చూస్తున్నయ్ గద. గది చాలు నాకు" అన్నాడు.

ఆ రోజు నాకు కొండంత బరువు దిగినట్టయింది. అంత తేలిగ్గా దించుకోవడమే నా తప్పని తర్వాత తెలిసింది. తొంభైల చివర్లో నాన్న పని మానేశారు. ఎవరూ నా మాట మీద చెట్టెక్కాల్సిన అవసరం లేకుండా పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు నాన్న బతికే ఉన్నారు. అప్పుడైనా చెప్పవచ్చు. పెద్దయ్య వద్దన్నాడు కదా అని ఊరుకున్నాను. ఆయన పనివాళ్ళ ప్రాణాల కోసం అడిగిన మౌనాన్ని నేను నా పరువు కోసం వాడుకున్నాను. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన పేరు చెప్పుకుని దణ్ణం పెట్టేదాన్ని. మనిషికి చెప్పాల్సింది దేవుడికి చెప్పుకుని, చెప్పేశాననుకునేదాన్ని.

పెద్దయ్య పోయిన పదకొండో రోజున పక్కింటి అక్కతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దయ్య భార్యను చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ అనే పిలిచేదాన్ని. ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అంతా చెప్పాను. ఆయన ఆవిడకు ఎప్పుడో చెప్పే ఉంటాడని నా మనసులో ఒక ఆశ. చెప్పలేదు. పెద్దమ్మ ఆయన ఫోటో వైపు తిరిగింది. "నలభై ఏండ్లు గా మాట మీదనే తిట్టిన బిడ్డా నేను. బువ్వ పెట్టుకుంట గూడ తిట్టిన. చిన్నపిల్ల చెప్తే ఇనకపోతివి, మా బతుకులు గిట్లాయె అని. ఒక్కనాడన్న నోరిప్పకపాయె" అంది.

నన్ను ఆవిడ ఒక్క మాట అనలేదు. లేచి విస్తరి వేసి, తిని పొమ్మంది. నాకు చదువు అమ్మ ఇచ్చింది, పని నాన్న ఇచ్చారు. తప్పు చేసిన తర్వాత కూడా తల ఎత్తుకుని తిరిగే బతుకు ఇచ్చింది మాత్రం ఆ ఇల్లు. ఆ ఇంటికి నేను ఇచ్చింది నలభై ఏళ్ళ తిట్లు. నా మాట నమ్మి ఒకరు అడుగు వేస్తున్నారంటే, ఈ రోజుకీ ఒక్కసారి ఆగుతాను. ఉన్నది చెప్పానా అని మళ్ళీ చూసుకుంటాను. అది ఆయన పెట్టిన భిక్ష.

ఇది చదివేవారిలో ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఉన్నవారు, మా నాన్న దగ్గర పనిచేసినవారు, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఉండవచ్చు. చెబితే వినకుండా చెట్టెక్కి పడిన మనిషి కథ మీ చెవినా పడి ఉండవచ్చు. మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను, మా పెద్దయ్యను అలా గుర్తుంచుకోకండి. ఆయన విన్నాడు. నేను చెప్పింది విని, నమ్మి, చెట్టెక్కాడు.