నాయనమ్మ హారతి పట్టిన ముని

మా చిన్నప్పుడు... సూర్యాపేటకు డేరా సినిమా వచ్చిందంటే నాయనమ్మ పొద్దున్నే తలస్నానం చేసేది. సినిమా అంటే ఆమెకు దేవుడి సినిమానే! కొంగున కర్పూరం కట్టుకుని, డేరా బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చేది. ఆ చెప్పులు పోయిన రోజులూ ఉన్నాయి.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది అది. నాకు ఎనిమిదేళ్లు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని బడిలో పంతులు చెబితే, ఇంటికొచ్చి ఊదరగొట్టాను... ఆదిశేషుడి పడగ మీదున్న భూమి తిరగడమేమిటని నాయనమ్మ మండిపడింది. దేవుడి గూటి ముందు నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తిరగదని మూడుసార్లు అనిపించింది. మర్నాటి నుంచి బడి బంద్. అమ్మానాన్నా ఆమెకు ఎదురు చెప్పేవాళ్లు కాదు. నా పలక అటకెక్కింది.

అప్పుడే డేరా వచ్చింది. రావలసిన పురాణం సినిమా పెట్టె రాలేదట, బదులుగా ఏదో దొరల భాష సినిమా వచ్చింది. తెర పక్కన ఒకాయన నిలబడి తెలుగులో కథ చెబుతున్నాడు. తెర మీద తెల్లగడ్డం ముసలాయన కనబడగానే, ఎవరో ముని అనుకుని నాయనమ్మ లేచి హారతి పట్టేసింది. ఆమెను చూసి ఇంకో నలుగురు!

ఆ ముని పొడుగాటి గొట్టంలోంచి పైకి చూశాడు... అంతే, తెర నిండా చందమామ. గుంతలు, గుట్టలు, వాటి నీడలు... డేరా అంతా నోరు తెరిచింది.

తర్వాత పొడుగు అంగీల మతపెద్దలు ఆయన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. కథ చెప్పే ఆయన గొంతు తగ్గించాడు.

"భూమి తిరుగుతదన్నందుకే గీ శిక్ష. తిరగదని ఒప్పుకుంటేనే ఇడుస్తరట."

ముసలాయన ఒప్పుకున్నాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది... ఇల్లు చేరేదాకా వదల్లేదు.

తెల్లారి పలక దించి, కడిగి, తానే నన్ను బడికి తీసుకెళ్లింది. పంతులు ముందు తల వంచుకుని చెప్పింది.

"అయ్యా, భూమి తిరుగుతదో లేదో నాకెరుక లేదు. కానీ గా మునిని కూసోబెట్టినట్టే నేను గీ పిల్లను మోకాళ్ల మీద కూసోబెట్టిన. ఇగ గా పని చెయ్య."

చందమామను చూసినప్పటికన్నా ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ ఆశ్చర్యమైంది.

తర్వాత అదే ఊళ్లో ఏళ్ల తరబడి పిల్లలకు భూగోళం చెప్పాను. ఇప్పుడు మనవరాలు ఫోన్లో చంద్రుణ్ణి వేలితో పెద్దది చేసి చూపిస్తుంది. బాగుంటుంది... కానీ చెప్పులు విడిచి చూసేవాళ్లు ఏరీ?

అన్న మాట వెనక్కి తీసుకున్న పెద్దవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి చెప్పండి, వింటాను.