నాయనమ్మ శ్రుతి

ఈ ఉదయం బొబ్బిలిలో మనవరాలి వీణకు మెట్లు కొత్తగా అమర్చారు. కరిగిన మైనం వాసన నా కొంగును ఇంకా వదల్లేదు. ఇంట్లో వీణ ఉన్నవాళ్లకు గుర్తుండాలి, తేనె, మసి, వేడెక్కిన పనసచెక్క కలిసిన ఆ వాసన.

మా చిన్నప్పుడు ఇంట్లో తంబురా లేదు. అమ్మ వీణ తీగలు బిగిస్తుంటే నాయనమ్మ విసనకర్ర ఊపుకుంటూ ‘స’ పట్టేది. ఆ స్వరం మీద గదంతా మెల్లగా తేలుతున్నట్టుండేది. తర్వాత నాన్న శ్రుతిపెట్టె తెచ్చారు.

“దీనికి దగ్గు రాదు కదేటి. ఇక నన్నొగ్గీయండి,” అంది నాయనమ్మ. ఆ తర్వాత ఆమె పాడలేదు. ఆ స్వరం ఇప్పుడు నా గొంతులో తప్ప ఎక్కడా లేదు.

సాయంత్రం మనవరాలు ఫోను చూసుకుంటూ శ్రుతి చేస్తుంటే నేను ‘స’ పట్టాను. శ్రుతి కుదిరితే వెలిగే పచ్చదీపం ఫోనులో వెలగలేదు.

“తగ్గిపోతన్నాది అమ్మమ్మా.”

“మా నాయనమ్మ గొంతు అంతే ఉండేది. తీగలు దించు.”

“ఫోను ఒప్పుకోదే.”

“దించమన్నాను కదా.”

అది నవ్వి ఫోను బోర్లించింది. తీగను వదులు చేసే బిరడ మీద చెయ్యి వేసి, “మళ్లీ పట్టు,” అంది.