డకోటా బాబాయిగారు

పోయిన మంగళవారం పొద్దున నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా సుజాత ఫోన్ చేసింది. సుజాత ఆసుపత్రిలో నర్సు. ఇలాంటి కబురు పరాయివాళ్ళకి ఎన్నోసార్లు చెప్పింది కాబట్టి తన ఇంటి కబురు కూడా అలాగే చెప్పింది. "నాన్న నిద్రలోనే పోయారు. కాఫీ తీసుకెళ్తే లేవలేదు." వెంటనే, "హాంగర్ వాళ్ళకి నువ్వు చెప్తావా? వాల్ట్‌తో మాట్లాడితే నేను ఏడ్చేస్తాను" అంది.

కారులో కూర్చుని వాల్ట్‌కి ఫోన్ చేశాను. చెప్పింది విని ఆయన, "ఈ ఆదివారం విమానం బయటికి తియ్యం" అన్నాడు. అంతకంటే పెద్ద సంతాపం వాల్ట్ నోటినుంచి రాదని నాకు తెలుసు.

పోయినాయన నాకు రక్తసంబంధం కాదు. షామ్‌బర్గ్‌లో మా పక్క టౌన్‌హోమ్ సుజాతది, ఆవిడ తండ్రి ఆయన. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఇండియన్ షాపుల ముందు విమానం బొమ్మ అంటించిన అట్ట పట్టుకుని, చలికాలంలో కూడా కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడే పొడుగాటి పెద్దాయన అంటే మీలో కొందరికి గుర్తు రావచ్చు. ఆయనే.

బాబాయిగారు వయసులో ఉండగా మన వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. విమానం రెక్కలు, తోక, చక్రాలు, ఒంటిమీద రేకు, ఇవన్నీ బాగుచేసే పని. ఆ ఉద్యోగంలో ఎక్కువ ఏళ్ళు డకోటాల దగ్గరే గడిచాయి. రెండు ఇంజిన్ల పాత సరుకు విమానం అది; పెద్ద యుద్ధం నాటిది. బయటికొచ్చాక విజయవాడలో బస్సు డిపోలో పనిచేసి, భార్య పోయిన తర్వాత కూతురి దగ్గరికి వచ్చేశారు.

నేను ఆ రోజుల్లో హెచ్-ఫోర్ మీద, అంటే భర్త ఉద్యోగం వల్ల వచ్చిన వీసా మీద ఉన్నాను. పనిచేసే వీల్లేదు. లైసెన్సు తెచ్చుకున్నా హైవే ఎక్కాలంటే భయం. ఒక శనివారం ఆయన ఒక పేపరు ముక్క పట్టుకుని మా తలుపు తట్టారు. పడమటి వైపు, మొక్కజొన్న చేల మధ్య చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఉందని, అక్కడ గడ్డిలో దశాబ్దాలుగా పడున్న మిలిటరీ డకోటాని మళ్ళీ ఎగరేయడానికి కొందరు పూనుకున్నారని, ప్రజల్ని విరాళాలు అడుగుతున్నారని అందులో రాసుంది.

"ఇక్కడికి బస్సుంటుందా అమ్మా?"

"ఉండదు బాబాయిగారూ."

"మరి నువ్వు తీసుకెళ్తావా?"

"నాకు హైవే అంటే భయమండీ."

"నాకు నీ డ్రైవింగ్ అంటే భయం లేదు కదా. పద."

దారంతా ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు. లేన్ మారేటప్పుడు మాత్రం తనూ మెడ తిప్పి వెనక్కి చూసేవారు. ఇద్దరం చూస్తున్నామన్న ధైర్యంతోనే నేను ఆ రోజు గంటసేపు నడపగలిగాను.

హాంగర్‌లో, అంటే విమానం పెట్టిన పెద్ద షెడ్డులో, ఉన్నవాళ్ళందరూ రిటైరైన మనుషులు. వాళ్ళ పెద్ద వాల్ట్, ఒకప్పటి పైలట్. మేం ఊరికే విమానం చూసిపోవడానికి వచ్చామనుకుని నవ్వుతూ పలకరించారు. బాబాయిగారు మాట్లాడకుండా విమానం చుట్టూ ఒకసారి తిరిగారు. తోక దగ్గర ఆగి ఒక రేకు మీద వేలు పెట్టి, తన ఇంగ్లీషులో, "ఇది ఈ విమానానిది కాదు సార్" అన్నారు. వాల్ట్ పాత రికార్డులు తీసి చూశాడు. ఎప్పుడో ఏదో మరమ్మతులో వేరే విమానం నుంచి తెచ్చి వేసిన రేకే అది. "వచ్చే శనివారం కూడా వస్తారా?" అని అడిగాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు మా శనివారాలన్నీ అక్కడే.

ఆయన పద్ధతులు కొన్ని చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు స్పానర్లు, స్క్రూడ్రైవర్లు గుడ్డమీద వరుసగా పరిచి లెక్కపెట్టేవారు. సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టేవారు. ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. ఒకసారి నట్లు బిగించే చిన్న సాకెట్ కోసం ఐదుగురు ముసలివాళ్ళు, నేను మోకాళ్ళమీద గంటసేపు పాకాం. అది వాల్ట్ జేబులోనే దొరికింది. మధ్యాహ్నం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. వాల్ట్ ఆ ఊరగాయని బ్రెడ్డులో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాడు. ఎవరైనా "ఇది చాల్లే" అంటే బాబాయిగారు పైకి చూపించి, "రోడ్డుమీద బండి పాడైతే పక్కకి ఆపుకుంటాం. అక్కడ పక్క ఉండదు" అనేవారు. ఆ ఒక్క మాటా ఇంగ్లీషులో చెప్పడానికి నా సాయం తీసుకున్నారు. తర్వాత వాళ్ళే దాన్ని గోడమీద రాసి పెట్టుకున్నారు.

విమానాన్ని బాగుచేసే చేతులు ఊరికే వచ్చాయి కానీ, ఇంజిన్లు విప్పించాలన్నా, టైర్లు కొనాలన్నా డబ్బు కావాలి. రివెట్ల పథకం పెట్టారు. రేకుల్ని అతికించే ఒక్కో రివెట్‌కి ఒక దాత. పేరు హాంగర్ గోడ మీద. మనవాళ్ళ దగ్గర అడిగే బాధ్యత బాబాయిగారు తీసుకున్నారు. నేను కరపత్రం రాశాను. ఉగాది ఫంక్షన్ రోజు హాలు బయట బల్ల వేసుకుని కూర్చున్నాం. గుంటూరు నుంచి ఎప్పుడో డెబ్బైల్లో వచ్చి స్థిరపడ్డ డాక్టరుగారొకరు బల్ల ముందు ఆగారు.

"పెద్దవారు, ఏమీ అనుకోకండి. వీళ్ళ పాత విమానానికి మనమెందుకివ్వాలి? మన ఊళ్ళల్లో బడులకి కప్పులు లేవు."

"బడికే ఇవ్వండి బాబూ" అన్నారు బాబాయిగారు. "ఇచ్చాక ఇంకా ఇవ్వాలనిపిస్తే ఇటు రండి."

"అసలు మీకేమిటి దీనిమీద ఇంత ఇది?"

"చైనా యుద్ధమప్పుడు ఆ కొండల్లో మన జవాన్లకి రోడ్డు లేదు. బియ్యం, మందులు ఇందులోంచే కిందికి తోసేవాళ్ళం. తలుపు తీసి ఉండేది, చలికి వేళ్ళు వంగేవి కావు. కింద వాళ్ళు చేతులు ఊపేవాళ్ళు. వాళ్ళకి అన్నం పెట్టింది ఇది. ఎవరి దేశందైతేనేం?"

డాక్టరుగారు లోపలికి వెళ్ళిపోయారు. భోజనాల తర్వాత మళ్ళీ వచ్చి వాళ్ళమ్మ పేరున రివెట్లు తీసుకున్నారు. అలా ఒకరిని చూసి ఒకరు. ఆ గోడమీద తెలుగు పేర్లు రెండు వరుసలు నిండాయి.

రెండేళ్ళకి పని ఒక కొలిక్కి వచ్చింది. వచ్చే వేసవిలో ఎగురుతుందని ప్రకటించారు. ఇంకొంచెం డబ్బు కోసం దాతలందరికీ డిన్నర్ పెట్టారు. దానికి వారం ముందు శనివారం బాబాయిగారు రెక్క కింద పడుకుని, రెక్క ఒంటికి బిగించే చోట టార్చి, చిన్న అద్దం పెట్టి చూస్తున్నారు. చాలాసేపు కదల్లేదు. తర్వాత నన్ను పిలిచారు.

"నీ కళ్ళు పడుచువి. ఇక్కడేమైనా కనిపిస్తోందా?"

"వెంట్రుక అతుక్కుందండీ."

"తుడిచి చూడు."

తుడిచాను. పోలేదు.

లైసెన్సున్న మెకానిక్ వచ్చి పగుళ్ళు బయటపెట్టే రంగు మందు పూసి చూశాడు. పగులే. ఇంకొకటి రెండో వైపు కూడా ఉంది. రెండు రెక్కలూ ఊడదీసి ఆ భాగాలు కొత్తవి చేయించాలి. అంటే ఇంకా ఏళ్ళు, ఇంకా డబ్బు. వాల్ట్ కుర్చీలో కూలబడి, "డిన్నర్ అయ్యాక చెబుదాం" అన్నాడు. "ముందే చెబితే ఒక్కరూ ఇవ్వరు. ఇక్కడితో ఆగిపోతుంది. నేను అబద్ధం చెప్పమనడం లేదు, ఒక్క వారం ఆగమంటున్నాను."

బాబాయిగారు ఇంగ్లీషులో మెల్లిగా కూడబలుక్కుని అన్నారు. "సార్, వాళ్ళు ఎగురుతుందని ఇస్తున్నారు. ఎగరదని మనకి తెలుసు. అన్నం తినకముందే చెప్పాలి."

వాల్ట్ మొహం ఎర్రబడింది. ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో బాబాయిగారు కిటికీలోంచి చూస్తూ, అడక్కుండానే చెప్పారు.

"మా దగ్గర విమానం ఒకటి వెళ్ళి తిరిగి రాలేదమ్మా. అది ఎగరొచ్చని ఆ పొద్దున కాగితం మీద సంతకం నాది. ఆ ముందురోజు నాకు జ్వరం. అన్నీ చూశాననే గుర్తు. చూశానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. విచారణలో వాతావరణం అన్నారు. అదే అయ్యుంటుంది. అందులో ఒకాయన ముందురోజు సాయంత్రం నా దగ్గర బీడీ అడిగి తీసుకున్నాడు."

ఇండికేటర్ వేసి లేన్ మారాను. ఆయన మెడ తిప్పి వెనక్కి చూశారు.

"ఇంకా ఏళ్ళు పడుతుందంటున్నారు, ఈ లోపల మీ ఆరోగ్యం..." అన్నాను కొంతసేపటికి. గుండె కవాటం బాగాలేదని, నిచ్చెనలు ఎక్కొద్దని అప్పటికే డాక్టర్లు చెప్పారు.

"అది ఎగరడం నేను చూడకపోతే ఏమైంది? అది పడకూడదు."

డిన్నర్ రోజు వాల్ట్ లేచి స్వాగతం చెప్పాడు. కాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పి, బాబాయిగారి వైపు చూసి, మైకు ఆయన చేతికిచ్చాడు. ఇక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టే అధికారం లేని మనిషి ఆయన. నోటిమాట ఒక్కటే ఉంది. రెండు నిమిషాలు మాట్లాడారు. ఏం కనిపించిందో చెప్పారు. ఎంతకాలం పడుతుందో తెలియదన్నారు. "డబ్బు వెనక్కి అడిగినవాళ్ళ మీద మాకు కోపం ఉండదు" అని కూర్చున్నారు.

కొందరు అడిగారు కూడా. మనవాళ్ళలో ఒకాయన, "ఈయనకెందుకమ్మా అంత పెత్తనం, పైలట్ ఊరుకుంటే?" అని నాతోనే అన్నారు. ఆ చలికాలం హాంగర్‌కి వచ్చేవాళ్ళు సగమయ్యారు. వాల్ట్ బాబాయిగారితో పనికి కావలసినంతే మాట్లాడేవాడు. బాబాయిగారు దాన్ని పట్టించుకున్నట్టు కనిపించలేదు కానీ, ఊరగాయ సీసా మాత్రం ప్రతి శనివారం వాల్ట్ వైపు జరిపి పెట్టేవారు. నెలా నెలన్నర తర్వాత ఒకరోజు వాల్ట్ మూత తీశాడు. "నేనైతే చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు, తల ఎత్తకుండా. "తర్వాత వారం చెప్పేవారు సార్" అన్నారు బాబాయిగారు.

మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టాం. షాపుల ముందు, చర్చిల్లో, గుళ్ళో, ఊళ్ళో పెరేడ్ జరిగితే పెరేడ్‌లో. డిన్నర్‌లో ఆ పగులు గురించి చెప్పారన్న మాట మాకంటే ముందే నడిచింది. "నిజం చెప్పినవాళ్ళు మీరేనా?" అని అడిగి ఇచ్చినవాళ్ళున్నారు. ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఆ మధ్యలో నాకు గ్రీన్‌కార్డు వచ్చి ఉద్యోగంలో చేరాను. ఆసుపత్రుల్లో వాడే యంత్రాల సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. చేరిన ఏడాదే ఒక పెద్ద రిలీజ్ ముందు తప్పు కనిపించింది. అందరూ నా మొహం చూస్తున్నారు. అయినా చెప్పాను. ఆ రోజు ఇంటికొచ్చి ఆయనకి చెబితే పొగడలేదు. "రెండోసారి చూసుకునే చెప్పావా?" అని మాత్రం అడిగారు.

విమానం ఎగిరిన రోజు గురించి చెప్పి ఆపుతాను. జూన్ నెల, గాలి లేదు. మొదటిసారి కాబట్టి లోపల ఇద్దరు పైలట్లు మాత్రమే. బాబాయిగారి చేతికి కర్ర వచ్చింది అప్పటికి. సుజాత కుర్చీ తెస్తే కూర్చోలేదు. ఇంజిన్లు దగ్గి, పొగ కక్కి, అందుకున్నాయి. విమానం గడ్డిమీద ఊగుతూ వెళ్ళి, చివరికంటా పరుగెత్తి లేచింది. జనం అరిచారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాల్ట్ వీపు మాకు కనిపిస్తోంది, భుజాలు కదులుతున్నాయి.

నేను పక్కకి చూశాను. బాబాయిగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. కుడిచెయ్యి, క్లాసులో పిల్లల్ని ఉండమన్నట్టు, గాలిలో కొంచెం ఎత్తి పట్టుకున్నారు.

"చూడరేంటి బాబాయిగారూ?"

"ఉండమ్మా."

అప్పుడు విన్నాను. పైన మోత ఒకలా లేదు. పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది. రెండు ఇంజిన్లూ ఒక వేగంలో లేకపోతే అలాగే వస్తుందట. పైలట్ ఒకదాన్ని తగ్గించో పెంచో రెండోదానితో కలపాలి. ఆయన దానికోసం ఆగారు. ఆ హెచ్చుతగ్గులు నెమ్మదించాయి, ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎడం పెరిగింది, ఇంకా పెరిగింది, తర్వాత రెండు మోతలూ ఒకటే అయిపోయాయి.

బాబాయిగారు చెయ్యి మెల్లిగా దించారు. కళ్ళు తెరిచేసరికి విమానం మొక్కజొన్న చేలకి అవతల చుక్కంత ఉంది.