స్థలం ఎవరి పేరున రాయాలి?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ప్రొద్దుటూరులో ఆయిల్ ఇంజన్లూ పిండిమరలూ అమ్మే కంపెనీకి నేను ఏజెంటును. అటు జమ్మలమడుగు, ఇటు పులివెందుల దాకా తిరుగుడే తిరుగుడు. కొనేవాడు ఇంట్లో ఉన్నది అమ్ముకుని వస్తాడు. మర మూలపడితే ముందు తిట్టేది నన్నే. అందుకే ఎవరొచ్చినా నాకు ముందు అనుమానమే.

ఒకరోజు పులివెందుల నుంచి రూతమ్మ వచ్చింది. మిషన్ బడిలో చదువుకున్న మనిషి, భర్త పోయి ఏడాది. ఉన్న ఒక్క చేనూ అమ్మి పిండిమర పెడతానంది. వెంట మరిది ఏసోబు. నేను ఆమెను అడిగితే అతను జవాబు చెబుతాడు.

"మర యాడ పెడతారమ్మా?"

"మా ఇంటి పక్కనే సార్. ఆమెకేం తెల్దు, అంతా నేనే చూసుకుంటాండా," అన్నాడు ఏసోబు.

"మరి నీళ్ళు?" మర తిప్పే ఇంజను వేడెక్కకుండా పక్కన తొట్టిలో ఎప్పుడూ నీళ్ళుండాలి. దాన్ని కూలింగ్ ట్యాంకు అంటాం.

"బావి ఉండాది లే సార్!"

అన్నిటికీ జవాబు నాలుక చివరే ఉంది. ఇంత సిద్ధంగా వచ్చినవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"అమ్మా, నువ్వు స్కీము రాసివ్వాల. కంపెనీ రూలు," అన్నాను. జొన్నలు, కొర్రలు ఏ ఊళ్ళ నుంచి వస్తాయి, మర ఎవరు నడుపుతారు, స్థలం ఎవరిది, వానల్లేని ఏడు ఏం చేస్తారు, ఇవన్నీ ముందే రాసుకోవడం. ఇప్పుడు బిజినెస్ ప్లాన్ అంటున్నారు. నిజానికి మా కంపెనీలో అలాంటి రూలేం లేదు. నోటికొచ్చింది, అనేశాను.

ఏసోబు ముఖం మాడిపోయింది. "పిండిమరకు కాగితాలేంది సార్? మేమేమన్నా దొంగలమా?"

"దొంగలయితే అడగనప్పా, తరిమేస్తా. నువ్వు రాయమ్మా."

ఆమె బెంచీ మీద కూర్చుని ఊళ్ళ పేర్లన్నీ గబగబా రాసింది. స్థలం దగ్గర కలం ఆగింది. మరిది వైపు చూసి, "ఎవరి పేరున రాయాల?" అంది.

"నా పేరునే కదా వదినా ఉండేది. నేనేమన్నా పరాయోన్నా?"

ఇంజనును సిమెంటు దిమ్మె కట్టి బోల్టులతో బిగిస్తాం. అదే ఫౌండేషన్. బిగించాక పీకి ఇంకోచోట పెట్టడం తల ప్రాణం తోకకు తెచ్చే పని. స్థలం అతనిది, బావి అతనిది. రేపు మాటా మాటా పెరిగితే తాళం వేసేదీ అతనే. రూతమ్మకు చేనూ ఉండదు, మరా ఉండదు.

"స్థలం ఆమెకు బాడుగకిచ్చినట్టు రాసియ్యప్పా, చాలు," అన్నాను.

"సొంతోళ్ళ మధ్య కాగితమా? శానా బాగుండాది!" అని ఏసోబు విసురుగా లేచిపోయాడు. మా వైపు బంధువును కాగితం అడగడమంటే చెంప మీద కొట్టినట్టే. రూతమ్మ కూడా అతని వెనకే వెళ్ళిపోయింది. చేతికొచ్చిన బేరం చెడగొట్టానని మేనేజరు నన్ను చెడామడా తిట్టాడు.

కొన్నాళ్ళకు ఆమె ఒక్కతే వచ్చింది. చేను ఇంకా అమ్మలేదు. చర్చి పెద్దలు రోడ్డు పక్క స్థలం బాడుగకిచ్చారట, కాగితంతో సహా. నా ప్రాణం లేచొచ్చింది.

"స్థలం సంగతి నాకూ అనుమానమే సార్," అంది. "నేనడిగుంటే ఇంట్లో పెద్ద రచ్చయ్యేది. కంపెనీవాళ్ళు అడుగుతాండారని చెప్పుకునేదానికి వీలయింది."

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళను ప్లాన్ రాయమంటే లాభనష్టాల లెక్క అనుకుంటారు. అదొక్కటే కాదు నాయనా. మనవాళ్ళను అడగడానికి నోరు రాని ప్రశ్నలుంటాయి. అవి కాగితం చేత అడిగించండి. చేను అమ్మేశాక అడిగితే ఎవడూ జవాబు చెప్పడు.