సారు కట్టిన సూచిక

సారు పోయారని ఎస్‌టీడీ బూతు ఆయన కేకేసి చెప్పాడు. ఎప్పటిలాగే ఏదో వెటకారం ఆడబోయాను. మానుకుని చెప్పులేసుకున్నాను.

తొంభైల మొదట్లో, నల్లగొండలో ఓ కిరాయి గదిలో నీటి మట్టాలు కొలిచే ప్రాజెక్టు నడిచేది. సారు ప్రోగ్రామరు, నేను అటెండరును. ఊళ్ల బోర్లలో దించిన సెన్సర్లు గంటకోసారి నీళ్లెంత లోతున ఉన్నాయో నమోదు చేసేవి. ఆ అంకెలన్నీ మనుషులు నేరుగా చదవలేని ఒకే పెద్ద బైనరీ ఫైలులోకి వెళ్లేవి. ఏ బోరుది, ఏ రోజుది ఎన్నో బైటు దగ్గరుందో చెప్పే చిన్న ఫైలు ఇంకొకటి, అదే సూచిక. అన్నిటికీ సి భాషలో సారే ప్రోగ్రాం రాశారు. పదో తరగతి తప్పిన నాకు ఒక్క మాటలో చెప్పారు: "పెండ్లిల చెప్పులు ఏడ ఇడిచినవో యాదికుంటే నిమిషం పని. లేకుంటే కుప్పంత ఎతుకు."

కరెంటు ఉన్నంతసేపు చాయ్ ముట్టేవారు కాదు. చల్లారాకే తాగేవారు.

ఒకరోజు ఆయన సూచిక కడుతుండగా, చాయ్ వేడిగా తాగిద్దామని సరదాకు ఫ్యూజు పీకి, "కరెంటోళ్లు మీ మీద పగ పట్టిన్రు సార్!" అని నవ్వాను. సారు నవ్వలేదు. సూచికనంతా కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో కట్టుకుని చివర్లో ఒక్కసారే ఫైలుకు రాసేవారట. ఫైల్లో పాత సూచిక ఖాళీ అయ్యి, కొత్తది పడేలోపు ఫ్యూజు పీకాను.

"డేటా ఉన్నది. ఏది ఏడున్నదో చెప్పేదే పోయింది" అన్నారు.

అప్పుడే కేతేపల్లి రైతు వచ్చాడు. "సారూ, మా దిక్కు నీళ్లు ఎంతకు దిగినయో జర చెప్పున్రి. బోరు ఎయ్యాల్నా, ఊకోవాల్నా?"

"రెండొద్దులు ఆగు పటేలా."

"బోరు బండి చేన్ల నిలవడ్డది. వాడు ఆగుతడా?"

సూచికను మళ్లీ కట్టే ప్రోగ్రాం రాసి, రెండో రోజు సాయంత్రం సారు అంకె తీశారు. బోరు అందుకోలేనంత లోతు. అప్పటికే రైతు వేయించాడు. దుమ్ము తప్ప రాలేదు. వానకాలానికి ఆయన షాద్‌నగర్ కంపెనీల్లో కూలికి పోయాడని తెలిసింది.

ఫ్యూజు సంగతి సారు ఎవరికీ చెప్పలేదు. నాతో మాత్రం అన్నారు: "నవ్వియ్యి, కాదంటలేను. ముందుగాల రాసుకోనియ్యి." ఆ తర్వాత ఒక్కో అంకెకూ సూచికను అప్పటికప్పుడే రాయించారు. ఏం లాభం? ప్రాజెక్టు మూతపడింది. యంత్రం తుక్కుకు పోయింది, ప్రోగ్రాం దాంతోనే పోయింది.

పదకొండో రోజున సారు భార్య ఓ ఫ్లాపీ చేతిలో పెట్టింది. "నీళ్ల లెక్కలన్నడు. పనికొస్తయేమో సూడు బిడ్డా." కంప్యూటర్ నేర్పే చోటికి తీసుకెళ్లాను. అక్కడి మేడం తెరిచింది.

"చెత్త ఉన్నదన్నా. తుడిచెయ్యాల్నా?"

"వద్దమ్మా" అన్నాను.

ఏ బైటు ఏమిటో తెలిసిన మనిషి లేడు. కేతేపల్లి నీళ్లు అందులోనే ఎక్కడో ఉన్నాయి. నల్లటి తెర మీద ఆ బైట్లే బుల్లి బుల్లి నవ్వు మొహాలై, మధ్య మధ్య కీచుమంటూ, బారులు బారులుగా పైకి పోతూనే ఉన్నాయి.