శుక్రవారం బటన్

లాల్‌దర్వాజాలో మా ఇంటి ఓనరమ్మ ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, మీటరు పక్కనున్న ట్రిప్ స్విచ్చు టెస్ట్ బటన్ నొక్కేది. ఇల్లంతా కరెంటు పోయేది. పైవాటాలో నేను విసుక్కునేవాణ్ణి.

“పడ్డదా? మంచిగ పడ్డది” అంటూ స్విచ్చు మళ్లీ ఎత్తేది. “ఒక తీగెల పోయిన కరెంటు ఇంకో తీగెల తిరిగి రాకుంటే మనిషి ఒంట్లకెళ్లి భూమిలకు పోతున్నట్టే బిడ్డా. గిది ఊకోదు, పడిపోతది. మా ఆయన కూలర్ల నీళ్లు పోసుకుంటనే పానం ఇడిసిండు. అప్పుడు గిది లేకుండె.”

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేనూ కూలర్ ఆపకుండానే నీళ్లు పోశాను. చెయ్యి జివ్వుమంది. అంతలోనే స్విచ్చు పడి ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ఆమె మెట్లెక్కి పరుగున వచ్చి, నా అరచెయ్యి తిప్పి తిప్పి చూసింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం కరెంటు పోగానే పైనుంచి నేనే కేకేసేవాణ్ణి: “పడ్డదమ్మా, మంచిగ పడ్డది!”